బాబుపేట్‌లో బారాకుడా

మా బాబుపేట్‌లో చేతిపని తెలిసినవాళ్ళకు ఏనాడూ కొదవ లేదు. మహారాష్ట్రలోని చంద్రపూర్ పాతకోట గోడ బయట, బల్లార్షా వైపు సాగే రైలు పట్టాలకు దగ్గరగా పెరిగిన పేట ఇది. బొగ్గు ఖదాన్లలో పని దొరుకుతుందని కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉండిపోయాయి. ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, ఖదాన్‌లో హిందీ వింటూ పెరిగాం. ఫిట్టర్లు, వెల్డర్లు, మోటార్లకు వైండింగ్ చేసేవాళ్ళు, లారీలకు రంగులేసేవాళ్ళు ఏ గల్లీకి పోయినా కనిపిస్తారు. వీళ్ళ చేతుల్లో ఎంత విద్య ఉందో నాకు పూర్తిగా తెలిసింది మాత్రం అమెరికా నుంచి వచ్చిన ఒక అట్టపెట్టె వల్ల.

2018 డిసెంబరులో ఇంట్లో పెళ్ళికని మా మేనత్త కొడుకు వచ్చాడు. బావ ఉండేది మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో. ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, ఎక్కువమందికి కార్ల పరిశ్రమే బతుకుదెరువు. సూట్‌కేసులో చీరల మడతల మధ్య దాచి తెచ్చిన పెట్టెను నా చేతిలో పెట్టి, "నీకు చిన్నప్పటి సంది కార్ల పిచ్చి గదరా, ఇగ నువ్వే ఒకటి కట్టుకో" అన్నాడు. మూత మీద రెవెల్ కంపెనీ పేరు, 1970 నాటి ప్లిమత్ బారాకుడా బొమ్మ. అసలు కారులో 24వ వంతు.

పెట్టె తెరిస్తే కారు లేదు. కారుకు కావలసినవన్నీ ఉన్నాయి. తెల్లటి ప్లాస్టిక్ చట్రాలకు పిందెల్లా వేలాడుతూ ఇంజన్ ముక్కలు, సీట్లు, గేరు రాడ్డు, స్టీరింగ్. వెండిలా మెరిసే బంపర్లు ఒక సంచిలో, అద్దాలు ఇంకో సంచిలో. నాలుగు రబ్బరు టైర్లు. నీళ్ళలో నానబెట్టి అతికించే స్టిక్కర్ల కాగితం. ఏది దేనికి అతకాలో బొమ్మలతో చెప్పే పుస్తకం. జిగురు, రంగు మాత్రం లేవు. నిప్పు అంటుకునే గుణమున్న ద్రవాలను విమానంలో తేనివ్వరు కాబట్టి వాటిని ఇక్కడే చూసుకోమన్నాడు బావ.

అమెరికాలో 1960లలో మజిల్ కార్ల కాలం నడిచింది. మామూలు జనం కొనగలిగిన రెండు తలుపుల కారులో, పెద్ద కార్లకు పెట్టే బలమైన వి8 ఇంజన్ బిగిస్తే అది మజిల్ కారు. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓతో ఈ ఒరవడి ఊపందుకుంది. బారాకుడా కూడా ఆ ఏడాదే, ఏప్రిల్ 1న, ఫోర్డ్ మస్టాంగ్ కంటే రెండు వారాల ముందు బయటికి వచ్చింది. 1970లో దాని రూపం పూర్తిగా మార్చారు. ఆ కొత్త రూపాన్ని గీసినవాడు జాన్ హెర్లిట్జ్. పొడవాటి బానెట్, పొట్టి డిక్కీ, వెనక చక్రాల మీద భుజంలా పొంగిన రేకు. అందులో పెట్టగలిగిన ఇంజన్లలో అన్నిటికన్నా గట్టిది హెమి. 426 ఘనపు అంగుళాలు, అంటే దాదాపు 7 లీటర్లు. 425 హార్స్‌పవర్. ఆ ఏడాది హెమి ఇంజన్‌తో గట్టి టాపు ఉన్న బారాకుడాలు 652, టాపు మడిచేవి 14 మాత్రమే తయారయ్యాయి.

ఇదంతా చదివి బాపుకు, అంటే మా నాన్నకు, చెప్పాను. బాపు అండర్‌గ్రౌండ్ ఖదాన్‌లో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. "ఏడు లీటర్లా! నలుగురు కూసునే బండికా?" అని ఆశ్చర్యపోయాడు. అంత ఇంజన్ అంత పెట్రోలు తాగుతుంది. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగబట్టాక అలాంటి కార్లకు రోజులు చెల్లాయి. 1974 ఏప్రిల్ 1న, పుట్టి సరిగ్గా పదేళ్ళకు, బారాకుడా తయారీ ఆగిపోయింది. ఇది విని బాపు, "మా ఖదాన్లు సర్కారు తీసుకున్నది గూడ 73లనే" అన్నాడు. నిజమే. ఆ ఏడాది మే నెలలో ఇక్కడి బొగ్గు గనులు జాతీయమయ్యాయి. చమురు ధర మండిపోయాక దేశానికి బొగ్గే దిక్కయింది. 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడింది. అక్కడ ఆ కారును ఆపిన కష్టకాలమే ఇక్కడ మా పేటకు అన్నం పెట్టిన గనుల విలువ పెంచింది. ఆ మాట తర్వాత బాపుకు ఆ పెట్టె మీద మమకారం కలిగింది. మర్నాడే వరండాలో బల్ల వేశాడు, ట్యూబ్‌లైటు దానిమీదికి దించాడు, తన పాత పనిముట్ల డబ్బా తీశాడు.

మొదట అడిగింది కొలత. 24వ వంతు అంటే అసలు కారులో ఒక అడుగు ఇక్కడ అర అంగుళం. జీవితమంతా అంగుళాల్లో, సూతుల్లో బతికిన మనిషికి ఆ లెక్క ఇట్టే పట్టుబడింది. అసలు బారాకుడాలో ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసుకు 108 అంగుళాలు, కాబట్టి మా బల్ల మీద నాలుగున్నర అంగుళాలు రావాలి. స్కేలు పెట్టి చూశాడు. వచ్చింది. "లెక్క తెలిసినోళ్ళే చేసిన్రు" అని మెచ్చుకున్నాడు.

ఇలా ముక్కలతో బొమ్మ కార్లు కట్టే విద్యకు పెద్ద చరిత్రే ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగించి ఉక్కు అచ్చుల్లోకి ఒత్తిడితో ఎక్కించడం చౌకైంది. షికాగోలో మోనోగ్రామ్, కాలిఫోర్నియాలో రెవెల్ ఇలాంటి కిట్లతో పేరు తెచ్చుకున్నాయి. 1986లో ఆ రెండూ ఒక గొడుగు కిందికి చేరాయి. ఏఎంటీ అనే కంపెనీ కార్ల షోరూములకు కొత్త మోడళ్ళ నమూనాలు చేసిపెడుతూ, 1958 నుంచి పిల్లల కోసం కిట్లు అమ్మింది. ఒకే పెట్టెలో మూడు రకాల కారు: ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు కట్టుకోవచ్చు, పందెం కారుగా కట్టుకోవచ్చు, లేదా మన ఇష్టప్రకారం మార్చుకోవచ్చు. సొంతంగా మార్చుకునే ఆ అలవాటు అప్పటి నుంచి ఈ కళకు ప్రాణమైంది. ఆ ఏఎంటీ చాలా కాలం పనిచేసింది మా బావ ఉండే ట్రాయ్‌లోనే.

పని మొదలైంది కడగడంతో. అచ్చు నుంచి సులువుగా ఊడి రావడానికి పూసే జిడ్డు ప్లాస్టిక్ మీద మిగిలి ఉంటుంది. దాన్ని గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టకపోతే రంగు నిలవదు. తర్వాత ఒక్కో ముక్కనూ చట్రం నుంచి కటింగ్ ప్లయరుతో వేరు చేశాం. ముక్కకు ఆనించి కత్తిరిస్తే ప్లాస్టిక్ తెల్లగా చీలుతుంది. కాస్త ఎడంగా కోసి, మిగిలిన మొటిమను ఆకురాయితో అరగదీయాలి. రెండు అచ్చులు కలిసిన చోట వెంట్రుకలా ఒక గీత ఉంటుంది. తలుపుల మీదుగా, టాపు మీదుగా, చివరికి ఎగ్జాస్ట్ గొట్టం పొడవునా ఉంటుంది. బాపు హ్యాక్సా బ్లేడు ముక్కను గ్రైండరు మీద సానబట్టి చిన్న కత్తి చేశాడు. దాని అంచు నిలువుగా పట్టి లాగితే ఆ గీత సన్నని పొట్టుగా లేచి వచ్చేది. లాగిన చోట బొటనవేలి గోరు నడిపి చూసేవాడు. కంటికి అందని మెట్టు గోటికి తగులుతుందని ఆయన నమ్మకం, అది ప్రతిసారీ నిజమే అయింది.

జిగురు ఆన్‌లైన్‌లో తెప్పించాం. సన్నని బ్రష్షున్న చిన్న సీసా, నీళ్ళంత పలచన. రెండు ముక్కలను ముందే కలిపి పట్టుకొని సందు దగ్గర బ్రష్షు తాకిస్తే చాలు, ద్రవం దానంతటదే సందు పొడవునా పరుగెత్తుతుంది. ప్లాస్టిక్‌ను రెండు వైపులా కరిగించి, తాను ఆవిరైపోతుంది. ఆరాక అది అతుకు కాదు, ఒకే ముక్క. "ఇది వెల్డింగే గదరా, మంట లేదంతే" అన్నాడు బాపు. అందుకే ఒకసారి కలిపితే విడదీయడం ఉండదు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: "ముందుగాల ఉత్తగ వెట్టి సూడు. కూసుంటేనే అంటువెట్టు."

ఇంజన్ దగ్గరికి వచ్చాక ఈ పని నాకు ఇంకోలా అర్థమైంది.

కిట్‌లో హెమి ఇంజన్ చక్కగా ఉంది, కానీ స్పార్క్ ప్లగ్గుల వైర్లు లేవు. అవి కట్టేవాడు వేసుకోవలసిందే. హెమిలో ప్లగ్గులు పక్కల నుంచి కాక నేరుగా వాల్వ్ కవర్ల నడుమ నుంచి దిగుతాయి. ఒక్కో కవరు మీద నాలుగు రంధ్రాలు. ఇంజన్ ముందు భాగాన డిస్ట్రిబ్యూటరు, దాని మూత చుట్టూ ఎనిమిది కొనలు, మధ్యలో కాయిల్ నుంచి వచ్చేది ఒకటి. అసలు వైరు మందం 7 మిల్లీమీటర్లయితే మా లెక్కలో 0.3 వస్తుంది. బాపు లేచి మా గల్లీ చివరి వైండింగ్ దుకాణానికి వెళ్ళాడు. 30 గేజి ఎనామిల్ రాగితీగ మూరెడు తెచ్చాడు. దాదాపు 0.3. రంధ్రాలకు రేడియో రిపేరు చేసే కుర్రాడు సర్క్యూట్ బోర్డులకు వాడే సన్నని డ్రిల్లు బిట్టు ఇచ్చాడు. బిట్టును వేళ్ళ మధ్య తిప్పుతూ, మెషిను లేకుండా, ఒక్కో రంధ్రం వేశాడు బాపు. మెషిను తిప్పితే వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్టుకే అంటుకుంటుంది.

తీగలు దొరికాయి, రంధ్రాలున్నాయి, ఇక గుచ్చేద్దామన్నాను. బాపు ఆపాడు. "ఏ వైరు ఏ ప్లగ్గుకు?"

నేను వెతికి చెప్పాను. ఈ ఇంజన్‌లో నిప్పురవ్వ వరుస 1-8-4-3-6-5-7-2. డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి ఎడమ వరుసలో 1, 3, 5, 7. కుడి వరుసలో 2, 4, 6, 8. పైనుంచి చూస్తే డిస్ట్రిబ్యూటరు గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. బాపు సిగరెట్ పెట్టె అట్ట మీద గుండ్రం గీసి అంకెలు వేసుకున్నాడు. తీగలకు నలుపు పూసి, ఒక్కో తీగ కొనకు కాగితపు చీటీ అంటించాడు. కళ్ళద్దాల మీద భూతద్దం పట్టుకొని, పట్టకారుతో ఒక్కొక్కటే ఆ వరుస ప్రకారం నాటాడు. రెండు తీగలు దాటుకునే చోట ఏది పైన, ఏది కింద అని కూడా ఫొటోలు చూసి సరిచూసుకున్నాడు. ఇంజన్ నారింజ రంగు, వాల్వ్ కవర్లు నలుపు, వాటిమీద నల్లతీగలు. పైన రెండు కార్బొరేటర్లు, గాలి పీల్చే మూపురం కూర్చున్నాక అందులో సగం తీగలు కనిపించవు.

"బాపూ, ఇదెవరు చూస్తారు?" అన్నాను.

బాపు పట్టకారు కింద పెట్టాడు. ఖదాన్‌లో బొగ్గు టబ్బులను వాలుబాట మీదికి లాగే ఉక్కు తాడు గురించి చెప్పాడు. బయటికి ఉక్కు పేటలు కనిపిస్తాయి. లోపల నడిమిట్ల నూనెలో నానిన నార ఉంటుంది. ఆ నార పేటలను ఒకదానితో ఒకటి ఒరుసుకోకుండా కాస్తుంది. అది ఎండిపోతే పేటలు లోలోపలే అరిగి తెగుతాయి. బయటికి తాడు బాగానే ఉన్నట్టుంటుంది. "తాడు లోపలికెల్లి తెగుతది బిడ్డా. పైన జూసి బాగున్నదనుకున్నోని మీదికి టబ్బులొస్తయ్. నలబై ఏండ్ల సంది నేను జూసింది కనవడని దాన్నే." అంత మాత్రం చెప్పి మళ్ళీ పట్టకారు అందుకున్నాడు. ఆ మాట తర్వాత ఈ కారులో ఏ పనికీ "ఎవరు చూస్తారు" అని నేనడగలేదు.

మా సొంత మార్పు అక్కడి నుంచే పుట్టింది. అమెరికా కారు కాబట్టి స్టీరింగ్ ఎడమవైపు ఉంది. ఈ కారు చంద్రపూర్ రోడ్డు మీద తిరిగేదైతే ఎలా ఉంటుందో అలా కడదామని అనుకున్నాం. నేననుకున్నది డాష్‌బోర్డును తిప్పేసి స్టీరింగ్ కుడికి పెట్టడం వరకే. బాపు ఒక్కొక్కటే వెంట తీసుకుపోయాడు. స్టీరింగ్ కుడికొస్తే పెడళ్ళు కుడికి రావాలి. బ్రేకు పెడల్ కుడికొస్తే, అది తోసే బ్రేకు సిలిండరు బానెట్ కింది గోడ మీద కుడివైపే ఉండాలి. స్టీరింగ్ రాడ్డు దిగే పెట్టె కూడా కుడి ఛాసిస్‌కే పట్టాలి. అక్కడ ఎగ్జాస్ట్ గొట్టాలు అడ్డొస్తే రాడ్డుకు దారి చూడాలి. డాష్‌బోర్డును సన్నని రంపపు బ్లేడుతో మూడు ముక్కలు చేసి, మీటర్ల ముక్కను అటు, సామాను పెట్టె ముక్కను ఇటు మార్చి, సందులు పుట్టీతో నింపి రుద్దాం. వైపర్లు తుడిచే దిశ కూడా తిప్పాం. అద్దం తుడుపు డ్రైవరు వైపు ఎక్కువ చేరాలి గనక.

బాడీకి రంగు వేసే పని మా గల్లీ పెయింటర్ కాకది. లారీలు, జీపులు, ట్రాక్టర్లు ఆయన చేతిలో కొత్తవైపోతాయి. కారు బాడీని అరచేతిలో పెట్టుకొని, వెలుతురుకు వంచి వంచి చూశాడు. మొదటి పనిగా ఒక వ్యర్థపు ప్లాస్టిక్ చట్రం ముక్క అడిగి, దానిమీద తన థిన్నరు చుక్క వేశాడు. నిమిషంలో ఆ చోటు మెత్తబడి, ఆరాక సన్నని బీటలు వారింది. "రేకు మీద నడిచేది దీనిమీద నడవది" అని తేల్చాడు. ప్రైమరును దూరం నుంచి పొడిపొడిగా, పొగమంచులా చల్లుతూ పోతే థిన్నరు ప్లాస్టిక్‌ను తినేలోపే ఆరిపోతుందని, ఆ పొర పట్టాకే తడికోటు వేయాలని చెప్పాడు. ఇంట్లో ప్లాస్టిక్ చెంచాల మీద వేసి చూపించాడు.

ఇక రంగు పట్టే రోజు కోసం నెలలు ఆగాం. మా చంద్రపూర్ ఎండ దేశమంతటికీ తెలుసు. మే నెలలో 46, 47 డిగ్రీలు మాకు కొత్త కాదు. ఆ వేడిలో రంగు గన్ను నుంచి బయలుదేరి బాడీని చేరేలోపే గాలిలో ఆరిపోయి, ఇసుక చల్లినట్టు గరుకుగా కూర్చుంటుంది. వానాకాలంలో గాలిలోని తడి రంగులోకి చేరి తెల్లటి మసక పడుతుంది. ఏ కాలమైనా దుమ్ము సరేసరి. రైళ్ళలో బొగ్గు, ఊరికి ఉత్తరాన 2920 మెగావాట్ల సూపర్ థర్మల్ కేంద్రం నుంచి బూడిద. కాక ఏ ఎండరోజూ ఒప్పుకోలేదు, ఏ వానరోజూ ఒప్పుకోలేదు. ఆ ఎడంలోనే మేం ఇంజన్, స్టీరింగ్, లోపలి పని పూర్తి చేశాం.

అవ్వ కుట్టుమెషిను మీద పేటలో సగం జాకెట్లు కుట్టింది. సీటు బెల్టులకు జాకెట్ల అంచు రిబ్బను కావాలంటే తానే ముందుకొచ్చింది. 24వ వంతులో బెల్టు వెడల్పు రెండు మిల్లీమీటర్లు. రిబ్బను అంత సన్నగా కోస్తే పోగులు ఊడిపోతాయి. అవ్వ రిబ్బనుకు పలచని గంజి పట్టించి, ఇస్త్రీ చేసి, ఆ తర్వాత బ్లేడుతో కోసింది. పోగు కదల్లేదు. బకిల్స్ నేను చాక్లెట్ రేకుతో చేశాను. కింద కార్పెట్‌కు తడి రంగు మీద ముఖానికి రాసే పౌడరు జల్లెడ పట్టి, పైన మళ్ళీ నలుపు చల్లాం. నూగు నూగుగా అచ్చం బట్టలాగే వచ్చింది.

నవంబరులో ఒక తెల్లవారుజామున కాక కబురు పెట్టాడు. గాలి లేదు, మంచు పడలేదు. షెడ్డులో నేలంతా నీళ్ళు చల్లి ఉంచాడు, దుమ్ము లేవకుండా. నాలుగు వైపులా తడి దుప్పట్లు వేలాడదీశాడు. రాత్రే కడిగి ఆరబెట్టిన బాడీని ఒక సీసా మూతి మీద నిలబెట్టాడు. రంగు ఏదని ఎంతోకాలం వాదించుకున్నాం. ప్లిమత్ వాళ్ళు 1970లో కళ్ళు చెదిరే పసుపు, ఊదా, ఆకుపచ్చ రంగులు అమ్మారు. మేం మాత్రం మహారాష్ట్ర రోడ్ల మీద అందరూ లాల్ పరీ అని పిలిచే ఎస్టీ బస్సు ఎరుపును ఎంచుకున్నాం. కాక కంటితోనే కలిపి, పాత బస్సు రేకు ముక్క పక్కన పెట్టి, చుక్క నలుపు చేర్చి సరిచేశాడు.

ప్రైమరు మీద వాటర్ పేపరు 800తో మొదలుపెట్టి 1000, 1500 అంటూ రుద్దాం. కాక ఒక మాట అన్నాడు: "కాకా రంగేస్తే అంత కప్పుకపోతదని అందరనుకుంటరు. రంగు దేన్నీ కప్పది. కిందున్నదాన్ని పెద్దగ చేసి సూపిస్తది." మెరుపు ఎక్కువైన కొద్దీ కింది గీత ఎక్కువ కనిపిస్తుంది. బాపు తాడు గురించి చెప్పింది, ఈయన రంగు గురించి చెప్పింది ఒకే విద్యలో రెండు పాఠాలుగా నాకు వినిపించాయి. ఎరుపు నాలుగు పలచని పొరలు, పైన క్లియరు. గన్ను కదలిక బాడీకి ముందే మొదలై, బాడీ దాటాకే ఆగేది. చేతి మణికట్టు ఒక్కసారి కూడా వంగలేదు. వారం పైగా డబ్బా కింద మూసి ఆరనిచ్చి, 2000 పేపరుతో నీళ్ళలో రుద్ది, రబ్బింగ్ కాంపౌండు పట్టించాం. టాపు మీద ట్యూబ్‌లైటు తెల్లటి గీతగా, ఎక్కడా వంకర లేకుండా కనిపించింది.

కిటికీల చుట్టూ ఉండే వెండి పట్టీలకు అమెరికాలో జిగురున్న సన్నని రేకు అమ్ముతారు. మేం చాక్లెట్ రేకు వెనక వార్నిష్ పలచగా రాసి, అది అంటుకునే పాకానికి వచ్చాక పరిచాం. పుల్లకు చుట్టిన దూదితో రుద్దుతూ మూలల్లోకి దింపి, కొత్త బ్లేడుతో అంచు కోశాం. నంబరు పలక మీద ఎం.హెచ్. 34, చంద్రపూర్ కోడు. దాని పక్కన బాపుకు ఖదాన్‌లో ఉన్న టోకెన్ నంబరు. ఆయన ఆ పలకను చాలాసేపు చేతిలో ఉంచుకొని, తనే అతికించాడు.

2020 సంక్రాంతికి కారు పూర్తయింది. బానెట్ తెరిస్తే ఎర్రబాడీ నడుమ నారింజ ఇంజన్. మూస్తే బానెట్‌లోని కంతలోంచి ఇంజన్ మీది మూపురం పైకి తేలుతుంది. అసలు కారులో అది ఇంజన్‌తో పాటు వణుకుతుంది గనక దాన్ని షేకర్ అన్నారు. చూడవచ్చినవాళ్ళు రంగును మెచ్చుకున్నారు. పిల్లలు చక్రాలు తిప్పారు. వైండింగ్ దుకాణం ఆయన మాత్రం వంగి ఇంజన్‌లోకి చూస్తూ, తీగల వరుసను వేలితో లెక్కపెట్టుకుంటూ పోయి తలూపాడు.

ఆ మరుసటి నెలలోనే బడ్జెట్‌లో ఆటవస్తువుల మీద దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. ఇలాంటి కిట్లు మా వంటి ఇళ్ళకు ఇంకా దూరమయ్యాయి. కానీ నేను బళ్ళో సైన్సు చెప్పేవాణ్ణి. ఆదివారాలు మా వరండాలో పేట పిల్లలకు ఈ పని నేర్పడానికి ఖరీదైన పెట్టె అక్కర్లేదని ఈపాటికి తెలిసింది. ప్లాస్టిక్ చెంచా మీద రంగు పట్టడం నేర్చుకోవచ్చు, పాత స్విచ్చుబోర్డు ముక్కల మీద ఆకురాయి పట్టడం నేర్చుకోవచ్చు. బాపు వాళ్ళకు మొదట నేర్పేది గోటితో అంచు చూడడం.

ఇప్పుడు మా బల్ల మీద ఇంకో కారు మొదలైంది, దానికి కిట్టు లేదు. నా చిన్నప్పుడు పేటలో పెళ్ళి ఊరేగింపులకు ఒక తెల్లని కాంటెస్సా వచ్చేది. మేం దాని వెంట పరుగెత్తేవాళ్ళం. బ్రిటన్ వాక్స్‌హాల్ కారు అచ్చులు తెచ్చి హిందుస్థాన్ మోటార్స్ 1984లో తయారు చేయడం మొదలుపెట్టిన బండి అది. 2002 దాకా వచ్చింది. పొడవాటి బానెట్, వెనక చక్రాల మీది పొంగు చూసి ఇప్పటికీ ఎందరో దాన్ని మన దేశపు మజిల్ కారంటారు. కాక షెడ్డు వెనక ఒకటి తుప్పు పట్టి నిలబడి ఉంటే, టేపు పట్టుకొని దాన్ని అంగుళం అంగుళం కొలిచాం. ఇరుసు నుంచి ఇరుసుకు 2667 మిల్లీమీటర్లు. మా బల్ల మీద 111. బారాకుడాకన్నా మూడు మిల్లీమీటర్లే తక్కువ. బాడీ అంతా ప్లాస్టిక్ పలకలు కోసి, వంచి, అతికించి మేమే లేపాలి. పని తేలికవుతుందని బానెట్‌ను మూసే ఉంచుదామన్నాను. మూసి ఉంచినా సరే, లోపల ఇంజన్ ఉండాల్సిందేనని, వైర్లు వరుసలో ఉండాల్సిందేనని బాపు ముందే తేల్చి చెప్పాడు. 30 గేజి తీగ మళ్ళీ తెచ్చి పెట్టాను.